గుమ్మిధారలో ‘ఆయ్’ అన్నదెవరు

మారేడుమిల్లి అడవుల్లో గుమ్మిధార అనే జలపాతం దగ్గర దెయ్యం ఉందని ఒకప్పుడు గట్టిగా చెప్పుకునేవారు. డెబ్బై తొమ్మిదో, ఎనభయ్యో. కొండల్లో దెయ్యాలకేం కొదవండీ, గుట్టకొకటి ఉంటుంది. కానీ ఈ దెయ్యం సంగతి వేరు. ఇది మా కోనసీమ దెయ్యం.

ఎలా తెలుసంటారా? పిలిస్తే ‘ఆయ్’ అనేది.

మా వైపు పుట్టనివాళ్ళకి ఈ మాట గురించి కాస్త చెప్పాలి. పెద్దవాళ్ళు పిలిస్తే మేం ‘ఏంటి’ అనం, ‘ఊ’ అనం. ‘ఆయ్’ అంటాం. వస్తున్నానన్నా ఆయ్, విన్నానన్నా ఆయ్, సరేనన్నా ఆయ్. నేను వాల్తేరులో చదువుకునే రోజుల్లో మా హాస్టల్లో ఒక కడప కుర్రాడుండేవాడు. లెక్చరరు గారికి నేను ‘ఆయ్’ అన్నప్పుడల్లా వెనక బెంచీలోంచి, ‘యాడ నొప్పిప్పా?’ అనేవాడు. క్లాసంతా గొల్లుమనేది. ఆ కుర్రాడు తర్వాత కలెక్టరాఫీసులో పెద్ద ఉద్యోగమే చేసేడు... సరే, పోనివ్వండి.

సంగతేమిటంటే, ఆ కొండల్లో ఉండేవాళ్ళెవరూ ఆ మాట అనరు. వెదురు కొట్టేవాళ్ళు సాయంత్రం పూట ఒకరినొకరు కేకేసుకుంటే, నీళ్ళ పక్కనుంచి — ‘ఆయ్...’ వెళ్ళి చూస్తే మనిషుండడు. తేనె తీసేవాళ్ళు ఆ కోనలోకి దిగడమే మానేసేరు. మండపేట నుంచి వెదురుకి వెళ్ళే లారీ డ్రైవరొకడు ఈ కబురు కిందికి మోసుకొచ్చేడు.

అది కొత్తపేటలో సలోమి గారి చెవిన పడింది.

సలోమి గారు ఎలిమెంటరీ స్కూల్లో టీచరు. భర్త పోయేరు. ఉన్నది ఒక్కడే కొడుకు, దానం. ఇదంతా నాకు చెప్పింది ఆవిడ తమ్ముడు వరప్రసాదం గారు. హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు. ఆయన గ్రౌండులో ‘అటెన్షన్’ అంటే కాలవ అవతల గట్టున గేదెలు కూడా నిలబడిపోయేవని పిల్లలు చెప్పుకునేవారు.

దానం అమలాపురంలో డిగ్రీ చదివేవాడు. అంతకుముందు ఏడాది, వానలు మొదలైన రోజుల్లో, స్నేహితులతో కలిసి జలపాతం చూడాలని బయల్దేరేడు. కోనసీమలో పుట్టినవాడికి జలపాతమంటే పిచ్చి. ఎందుకుండదు చెప్పండి? మాకు రాయే లేదు. కాలవ లాకుల దగ్గర నీళ్ళు నాలుగడుగులు కిందికి దూకితే దాన్నే సైకిలాపి చూస్తాం. అలాంటిది, ఆకాశంలోంచి పడుతున్నట్టున్న నీళ్ళు... వాడు అంచు మీదికెళ్ళి వంగి చూసేడు. కాలు జారింది.

కింద గుండం గుమ్మిలాగే ఉంటుంది. వడ్లు పోసుకునే గుమ్మి చూసేరు కదా, అలా చుట్టూ నిలువు గోడ. వానాకాలం, ఏరు ఒడ్డులు దాటి పోతోంది. దిగే దారి లేదు. కబురందగానే వరప్రసాదం గారు పరుగున వెళ్ళేరు. పోలీసులు, ఊరివాళ్ళు, ఆయన — కొన్నాళ్ళపాటు పొద్దున్నా సాయంత్రం ఆ అంచున నిలబడి పిలిచేరు. నీళ్ళ హోరు తప్ప ఏమీ వినపడలేదు.

శవం దొరకలేదు.

పాస్టరు గారు వచ్చి, ‘అమ్మా, అబ్బాయి పేరు మీద ప్రార్థన, ఆదరణ కూడిక పెట్టుకుందామా?’ అనడిగితే సలోమి గారు, ‘మట్టి చెయ్యలేదు కదండీ అయ్యగారూ, ఆదరణెందుకు?’ అన్నారట. దానం మంచం మీద దుప్పటి కూడా మార్చలేదు. అలాంటి మనిషికి ఈ దెయ్యం కబురు చేరింది.

‘దెయ్యమేంట్రా ప్రసాదూ? మనవాడే. దెబ్బ తగిలి మతి పోయుంటుంది. నేను పిలిస్తే వస్తాడు.’

‘అక్కా, ఇన్నాళ్ళు ఆ అడవిలో ఏం తిని బతుకుతాడే?’

‘నువ్వు రాకపోతే నేనొక్కదాన్నే పోతాను.’

సంచీలో దానం లాల్చీ, లుంగీ పెట్టేరు. వాడి బట్టలు చిరిగిపోయి ఉంటాయని. వాడికిష్టమని పాకం గారెలు చేసి డబ్బాలో సర్దేరు. చలి తగ్గుతున్న రోజులు. ఏట్లో నీళ్ళు తగ్గేయి, కింది నుంచి కోనలోకి నడవడానికి దారి పడింది. బాపిరెడ్డి అని అక్కడి కొండరెడ్డి ఒకాయన దారి చూపించడానికి ఒప్పుకున్నాడు. గుండం దాకా తీసుకెళ్తాను గానీ రాత్రి ఉండనన్నాడు. తర్వాత సలోమి గారి మొహం చూసి ఉంటానన్నాడు.

పొద్దున్నించీ నడక. ఏరు అటూ ఇటూ మెలికలు తిరుగుతుంటే, దాన్ని దాటడం, మళ్ళీ దాటడం. పైన వెదుళ్ళు కమ్ముకుని మిట్టమధ్యాహ్నం కూడా మసగ్గానే ఉంది. మా కోనసీమ కాళ్ళు బురద ఎరిగినవి గానీ రాళ్ళెరిగినవి కావు. సలోమి గారు చెప్పులు చేత్తో పట్టుకుని, పాచి రాళ్ళ మీద చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని నడుస్తున్నారు. వరప్రసాదం గారు జారి నీళ్ళలో కూలబడ్డారు.

బాపిరెడ్డి నవ్వు ఆపుకోలేక, ‘బాబూ, మీరు బళ్ళో పిల్లలకి నడక నేర్పుతారంట గదా?’ అన్నాడు.

సలోమి గారు కూడా నవ్వేరట. ‘దానం పోయేక అక్క నవ్వడం అదే మొదలండి’ అన్నారు వరప్రసాదం గారు. కొడుకుని తీసుకొచ్చుకోవడానికి వెళ్తున్న మనిషి నవ్వు అది.

పొద్దువాలుతుండగా గుండం చేరేరు. నీళ్ళు సన్నగా, తెల్లటి పంచె ఆరేసినట్టు దిగుతున్నాయి. హోరు లేదు. గుండం అవతల, రాతి గోడలో, మనిషి కూర్చునేంత గూడు ఒకటుంది. ఖాళీగా. చెట్ల కింద అప్పటికే చీకటి...

సలోమి గారు సంచీ కింద పెట్టేరు. రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని —

‘దానం... ఒరే దానం...’

నీళ్ళ చప్పుడు.

ఇంకోసారి పిలిచేరు.

అప్పుడు — గుండం అవతల్నించి —

‘ఆయ్...’

వాడి గొంతే. చివర కాస్త సాగదీసి, అలిగినట్టు. ‘వాడు పుట్టినప్పట్నించీ నేను విన్న గొంతండీ మాస్టారూ, ఒట్టు’ అన్నారు వరప్రసాదం గారు. సలోమి గారు చీరతోనే నీళ్ళలోకి దూకబోయేరు. ఈయన నడుం పట్టుకుని వెనక్కి లాగేరు.

‘వదలరా! అక్కడున్నాడు. విన్నావుగా!’

‘అక్కా, చీకటి... గుండం లోతు తెలీదే...’

‘దానం! నాన్నా!’

‘ఆయ్...’

ఈసారి ఇంకో పక్కనుంచి. అంతే. ఆ తర్వాత ఎంత పిలిచినా పలుకు లేదు.

మంట వేసుకున్నారు. బాపిరెడ్డి మంటకి అవతల, అడవికి వీపు పెట్టకుండా కూర్చున్నాడు. సలోమి గారు లాల్చీని మంట దగ్గర వెచ్చగా ఆరబెట్టి, గారెల డబ్బా మూత తీసి గుండం వైపు ఒక రాయి మీద పెట్టేరు. రాత్రంతా చీకట్లోకి మాట్లాడుతూనే ఉన్నారట — లోగొంతుకతో, పక్కన పడుకున్న పిల్లాడితో మాట్లాడినట్టు. మన ఆవు ఈనింది నాన్నా. కొత్త చర్చికి పైకప్పు వేసేరు. నీ సైకిలు మావయ్య తొక్కుతున్నాడు, వచ్చేక తీసేసుకో...

తెల్లవారుజామున వరప్రసాదం గారికి కాస్త కునుకు పట్టింది.

‘ఆయ్.’

నెత్తి మీద.

ఈసారి ఎవరూ పిలవలేదు.

ముగ్గురూ కదల్లేదు. పైన కొమ్మ ఊగింది... ఏదో నల్లగా... సన్నటి వెలుతురు ఆకుల్లోకి దిగుతోంది.

పిట్ట.

కాకి కంటే చిన్నది. నిగనిగలాడే నలుపు. తోకనుంచి రెండు పొడుగాటి తీగలు, వాటి చివర చిన్న ఆకుల్లాంటి ఈకలు. అది మెడ ఎత్తి మేకపిల్లలా అరిచింది. తర్వాత డేగలా అరిచింది. తర్వాత, తాపీగా — ‘ఆయ్...’

వరప్రసాదం గారు పెద్దగా నవ్వేసేరు. రాత్రంతా గొంతులో పట్టుకుని కూర్చున్న భయం అలా బయటికొచ్చింది. ‘పిట్టే అక్కా! పిట్టే! మన చేలల్లో తిరిగే ఏట్రింత లాంటిది!’

బాపిరెడ్డి చెంపలు వాయించుకున్నాడు. ‘ఓరి దీనమ్మ, ఇదా! పోలిగాడు పిట్ట బాబూ. ఏది వింటే అదే కూస్తాది. వానల్లో ఆ హోరులో ఏమీ వినపడదు గదా, నీళ్ళు తగ్గినాక ఇది మాకు వినపడింది. దీనికా మేం కోన వదిలేసింది!’

‘అయితే మావాడు పడ్డప్పుడు వేసిన కేక పట్టేసిందంటావు.’

‘ఒక్క కేకకి రాదు బాబూ’ అన్నాడు బాపిరెడ్డి, మంట మీద నీళ్ళు చల్లుతూ. ‘మా మేకపిల్ల అరుపు నేర్వడానికే శానా దినాలు పట్టుద్ది. వింటా ఉండాల. పొద్దున్నా సాయంత్రం అదే వింటా ఉండాల. అప్పుడు పట్టుద్ది.’

వరప్రసాదం గారి నవ్వు ఆగిపోయింది.

తలెత్తి చూసేరట. పైన, జలపాతం అంచు. తను నిలబడి పిలిచిన చోటు. కళ్ళు కిందికి దించితే, పైనుంచి కనపడని చోట, రాతి గోడలో ఆ గూడు. మనిషి కూర్చునేంత.

అక్క కూడా అటే చూస్తోంది.

బాపిరెడ్డికి ఇదేమీ తెలీదు. పాపం, భయం తీరిన సంతోషంలో ఉన్నాడు. ‘చూడండి, పిలిస్తే ఎలా పలుకుద్దో’ అని రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకున్నాడు. ‘దా—’

సలోమి గారు గబుక్కున లేచి ఆయన చెయ్యి పట్టుకున్నారు.

‘వద్దు నాయనా. ఇంక పిలవొద్దు వాణ్ణి.’ తమ్ముడి వైపు తిరిగేరు. కోపం లేదు ఆ మొహంలో. ‘నువ్వు పైనుంచి పిలిచినన్నాళ్ళూ పలుకుతూనే ఉన్నాడు రా ప్రసాదూ... అలిసిపోయుంటాడు.’