ఊరు విడిచిన రోజు

పొద్దు పొడవకముందే చెయ్యవలసినవి ఎన్నో! పొయ్యిలో నిప్పు మీద నీళ్ళు చల్లాలి. కుండలు బోర్లించాలి. ఎద్దులనూ మేకలనూ పొలాలకు తోలాలి. తలుపులు బార్లా తెరిచి ఉంచి, ఊరంతా పొలిమేర దాటిపోవాలి. పొద్దుగూకేదాకా ఊళ్ళో పొగ లేవకూడదు. అలా చేస్తే గత్తర, అదే కలరా, ఊరు విడిచి పోతుందని కోడుమూరు దిక్కు పెద్దల నమ్మకం. ఆ కరువు ఏడాది పదకొండుమంది పోయాక ఊరిపెద్ద బసవన్న చాటింపు వేయించాడు.

మహాదేవమ్మ అన్నీ చేసింది. కానీ ఐదేళ్ళ కూతురు గిడ్డమ్మను ఏం చెయ్యాలి? తెల్లవారుజాము నుంచీ వాంతులు, విరేచనాలు... జబ్బు బిడ్డను జనంలోకి తేవద్దన్నారు. తొమ్మిది రోజుల కిందటే భర్త ఈరప్పను ఈ గత్తరే మింగింది!

వాకిట్లో అత్త హులిగెమ్మ అమ్మవారి కుండ నెత్తికెత్తుకుంటోంది. ముప్పై ఏళ్ళుగా జనానికి ముందు నడిచేది ఆమే.

"పో అత్తా, పో! నీ కొడుకు పోయిననాడు ఆ దేవత యాడుండెనో అడుగు! నేనింక చచ్చినా దణ్ణం పెట్టను!" అని గుండెలవిసేలా అరిచింది మహాదేవమ్మ. హులిగెమ్మ కుండ సర్దుకుని జనం ముందుకు నడిచింది.

ఊరు ఖాళీ అయింది. కుక్క అరుపైనా లేదు. బిడ్డ కళ్ళు లోతుకు పోయాయి, గోళ్ళు నీలంగా మారాయి... మిట్టమధ్యాహ్నం గడపలో అడుగుల చప్పుడు!

"అత్తా! కుండేదీ?"

"దోవలో దించినా. మోసేదానికి ఊరంతా ఉండాది. నా మనవరాలికి ఎవురుండారు?" అంటూ హులిగెమ్మ పొయ్యి ముందు కూచుని అగ్గిపుల్ల గీసింది.

"అమ్మోరికి కోపమొస్తాదత్తా!"

"వస్తే నా మీదనే చూపమని దోవ పొడుగునా చెప్పుకుంటా వచ్చినాలే. ముసిల్దాన్ని, నాతో కొట్లాడమను!"

ఉప్పు వేసిన కొర్రగంజిని చుక్క చుక్కగా పట్టిందామె. వాంతి అయితే మళ్ళీ, మళ్ళీ... విసుగు లేదు, భయం లేదు! మహాదేవమ్మ పొయ్యిలోకి పుల్లలు ఎగదోసింది.

పొగ చూసి బసవన్న కర్రతో పరుగున వచ్చాడు. "ఏమక్కా, ఊరిని చంపుతావా?"

"మెల్లగా మాట్లాడప్పా. బిడ్డ ఇప్పుడే నిద్రపోయింది."

బసవన్న లోపలికి తొంగి చూశాడు. గిడ్డమ్మ ఊపిరి మెత్తగా ఆడుతోంది. అతని చేతిలో కర్ర నేలకు దిగింది. తలపాగా తీసి, చప్పుడు కాకుండా వెనక్కి నడిచాడు.

మూడోనాడు హులిగెమ్మకే గత్తర తగిలింది. కోడలు పట్టిన గంజి ఆమె కడుపులో నిలవలేదు.

"ఇదేనా అత్తా నువ్వడిగింది?" అని భోరుమంది మహాదేవమ్మ.

"బిడ్డ వాకిట్లో ఆడుకుంటాండాది... సద్దు ఇనపడ్లేదా అమ్మీ? అదీ నేనడిగింది" అని నవ్వింది హులిగెమ్మ. ఆ నవ్వుతోనే వెళ్ళిపోయింది.

మహాదేవమ్మ చేతులు వాటంతట అవే జోడించుకున్నాయి. అత్తకు పెట్టిందో, అత్తను ఆ మధ్యాహ్నం ఇంటికి నడిపించుకొచ్చినవారికి పెట్టిందో ఆ దణ్ణం... ఆమెకే తెలియదు! ఆ తరువాత ఒక్క పొద్దయినా అది మానలేదు.

హులిగెమ్మకు పటం లేదు, గోరీ కట్టినవారు లేరు. అమ్మలారా! మీ ఇంట్లో జ్వరపడ్డ బిడ్డ కళ్ళు తెరిచిన రోజున, ఆమెను ఒక్కసారి పేరు పెట్టి తలచుకోండి.