కాకికి కొమ్ము

మనిషి నుదుటి మీద దేవుడు రాసేది అక్షరాలా, బొమ్మలా? ఈ సందేహం నాకు ఏళ్ళుగా ఉంది. అక్షరాలైతే చదువుకున్నవాడెవడో ఒకడు ఈపాటికి చదివేసేవాడు. బొమ్మలైతే కళ్ళెదుటే ఉన్నా తెలియకపోవచ్చు. రోజూ దణ్ణం పెట్టుకునేవాణ్ణి, ఇలా అడగకూడదేమో. కానీ ఎడమ కథ తెలిశాక అడగకుండా ఉండలేకపోతున్నాను.

ఎడమ అంటే మనిషే. సీక్రెట్ సర్వీస్‌లో అతని కోడ్‌నేమ్ అది. ఎడమచేతి వాటం కనుక అలా పెట్టారు. అతని అన్న కోడ్‌నేమ్ కుడి. చాలా ఏళ్ళ కిందట ఒక ఉదయం కుడి ఏరు దాటడానికి పడవ ఎక్కాడు. పడవ అవతలి ఒడ్డుకు చేరింది. అందరూ దిగారు. అతను లేవలేదు. మెడ వెనక సూది గుచ్చిన గుర్తు. సంచిలో కూతురికి కొన్న రంగు పెన్సిళ్ళు.

అంతకు రెండు రోజుల ముందే ఆ పిల్ల, నాన్న కొనిచ్చిన కథల పుస్తకం పట్టుకొచ్చి అడిగింది. "బాబాయ్, కాకికి కొమ్మెందుకుంది?"

"రేపు చెప్తానమ్మా."

ఆ తర్వాత వచ్చిన రేపుల్లో ఆ ఇంట్లో ఎవరూ ఎవరినీ ఏమీ అడగలేదు.

"బూడిదకోట," అన్నాడు పెద్దాయన ఏళ్ళ తర్వాత ఒక ఉదయం, బల్ల మీద ఏడు పుస్తకాలు పరుస్తూ. సర్వీస్ చీఫ్‌ని అందరూ పెద్దాయన అనే అంటారు. "మంత్రగత్తెలు, రెక్కల గుర్రాలు. పిల్లలు ఎగబడి చదువుతున్నారు. భాగం వచ్చినప్పుడల్లా మన ఏజెంట్ ఒకడు పోతున్నాడు. మొదటి భాగానికి మీ అన్న."

ఎడమ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"ఆర్డర్లు విదేశం నుంచి వస్తున్నాయి. ప్రతి అధ్యాయం నెత్తిన ఉండే బొమ్మలోనే అవి దాక్కున్నాయని నా అనుమానం. ఫోన్లు వింటాం, రేడియోలు వింటాం. పిల్లల బొమ్మల్ని ఎవడు వింటాడు? కంప్యూటర్ వింగ్ వాళ్ళు ఆకులు లెక్కపెట్టారు, చుక్కలు లెక్కపెట్టారు. గుండుసున్నా."

"రచయిత?"

"రింగ్ లీడర్ వాడేనని నా నమ్మకం. నమ్మకానికి బేడీలు వెయ్యలేం కదా. ఇవాళ సాయంత్రం ఎనిమిదో భాగం రిలీజ్. బొమ్మలేసే ఆవిడ, నెమలి, నిన్ను కలుస్తుంది. వాళ్ళ జీతమూ తింటుంది, మన జీతమూ తింటుంది. ఎవరి పక్షమో ఆవిడకే తెలియాలి." పెద్దాయన గొంతు తగ్గించాడు. "ఇప్పటికైనా కోడ్‌నేమ్ మార్చుకోవయ్యా. మన కోడ్‌నేమ్‌లు శత్రువుకు అమ్ముకున్న ద్రోహి దొరికాడు గానీ, అమ్మిన పేర్లు వెనక్కి రావు."

"అన్న కుడి. నేను ఎడమే సార్."

"మొండిఘటం." పెద్దాయన తెల్లరాయి ఉంగరం ఒకటి అతని ముందుకు తోశాడు. "పెట్టుకో. విషం దగ్గరికొస్తే రాయి ఎర్రబడుతుంది."

పబ్లిషర్ హాల్లో కొత్త పుస్తకాల జిగురు వాసన. వేదిక మీద రచయిత శాలువా సర్దుకుంటున్నాడు. ఎడమ నెరిసిన గడ్డం అతికించుకుని, మెడలో కెమెరా వేసుకుని, ప్రెస్ ఫొటోగ్రాఫర్‌లా చివరి బల్ల దగ్గర కూర్చున్నాడు. నల్ల కళ్ళద్దాలు, నీలం పట్టుచీర, అత్తరు గుబాళింపు వచ్చి పక్కన కూర్చున్నాయి.

"ఫొటో ఏ వైపు నుంచి తీస్తారు?"

"వాన రాని వైపు నుంచి."

కోడ్ సరిపోయింది. నెమలి పెదవి విరిచింది. "ఆ గడ్డం మేకదా?"

"గవర్నమెంటుది."

"అదే అనుకున్నా." ఆమె కొత్త పుస్తకం అతని ముందుకు జరిపింది. "ఆ రచయిత ఫోన్ చేసి ఏ జంతువో చెప్తాడు. దాని నెత్తిన ఏముండాలో చెప్తాడు. నేను గీస్తాను. అర్థం మాత్రం నన్నడక్కండి. నేను పుట్టి పెరిగింది బయటి దేశంలో. తెలుగు అమ్మ నోట విన్నదే. రాతా రాదు, చదవడమూ రాదు."

సర్వర్ రెండు టీలు పెట్టి వెళ్ళాడు. అతని నడుముకు దోపిన తువ్వాల్లోంచి బూడిదకోట అట్ట తొంగిచూస్తోంది.

ఎడమ పేజీలు తిప్పాడు. మొదటి అధ్యాయం మీద ఎలుగుబంటి, నెత్తిన ఏమీ లేదు. రెండు, తలపాగా చుట్టిన డేగ. మూడు, తలపాగా చుట్టిన మొసలి. నాలుగు, మళ్ళీ అదే మొసలి, పక్కన నిండు చంద్రుడు. ఐదు, దున్నపోతు.

"దున్నకి మూడు కొమ్ములేంటండీ?"

"నేనూ అదే అడిగా. రెండు దానివి, మూడోది మనమిచ్చేది అన్నాడు. 'కొమ్మిస్తే చాలమ్మా' అని ఒకటే నవ్వు."

కొమ్మిస్తే.

ఎడమ వేలు పేజీ మీద ఆగిపోయింది. ఒకటో తరగతి. పలకలు పట్టుకుని క్లాసంతా ఒకే గొంతుతో అరుస్తోంది: కకు గుడిస్తే కి, కకు కొమ్మిస్తే కు. ఏ కంప్యూటర్‌కీ ఆ పాట నేర్పలేదు. బడి గడప తొక్కిన ఏ హంతకుడికైనా అది నోటికొచ్చు. జంతువు పేరులో మొదటి హల్లు. నెత్తిన ఉన్నది గుణింతం. తలపాగా అంటే తలకట్టు. దున్నకు కొమ్మిస్తే దు. మొసలి పక్కన చంద్రుడు సున్న, అంటే మం. మందు. దాని ముందు బోడి ఎలుగు, వట్టి ఎ. తర్వాత డ, మ.

ఎడమ. మందు.

అతను టీ కప్పు వంక చూశాడు. దాని పిడి ఎడమవైపుకు తిప్పి ఉంది. బతుకులో అతనికి అలా కప్పు పెట్టింది అన్న ఒక్కడే. గడ్డం మొహానికి అతికించాడు గానీ చెయ్యి మార్చుకోవడం మరిచాడు. సర్వర్ ఆ చేతినే చూశాడు. ఆ చేతి ఉంగరం మాత్రం తెల్లగానే ఉంది.

"మీకొద్దా? చల్లారిపోతోంది. నా దాంట్లో చక్కెరే లేదు." నెమలి అతని కప్పు ఎత్తింది. అంచు పెదవిని తాకబోయింది.

ఎడమచెయ్యి విసురుగా లేచింది. కప్పు గోడకు కొట్టుకుని పగిలింది.

"నా చీర!" అని అరిచి, గుమ్మం వైపు పరిగెడుతున్న సర్వర్‌ని చూసి ఆమె నోరు మూసుకుంది. మెట్ల దగ్గర కాపు కాస్తున్న పెద్దాయన మనుషులు వాణ్ణి పడేశారు. ఇంకో ఇద్దరు వేదిక ఎక్కారు.

"పిల్లల బొమ్మలండీ అవి," అన్నాడు రచయిత, నవ్వు చెదరకుండా.

"అవును. ఒకటో తరగతి పాఠం," అన్నాడు ఎడమ. బేడీలు పడ్డాయి.

నెమలి కళ్ళద్దాలు తీసింది. "అయితే నేను గీసిన బొమ్మలకి..."

"ఏడుగురు."

ఆమె తన వేళ్ళవంక చూసుకుంటూ ఉండిపోయింది.

మర్నాడు అతను వదిన ఇంటికి వెళ్ళాడు. అన్న కూతురు ఇప్పుడు కాలేజీలో చదువుతోంది. టీ తెచ్చి, వాళ్ళ నాన్నలాగే పిడి ఎడమవైపుకు తిప్పి పెట్టింది.

"నీకొక జవాబు బాకీ ఉన్నానమ్మా. కాకికి కొమ్మెందుకని అడిగావు."

"ఇన్నాళ్ళకు గుర్తొచ్చిందా బాబాయ్!" ఆమె నవ్వుతూ అటక మీంచి మొదటి భాగం దించి, దుమ్ము దులిపి తెరిచింది.

"కకు కొమ్మిస్తే?"

"కు." ఆమె పేజీలు తిప్పింది. రెండో అధ్యాయం మీద, గుడిని నెత్తిన మోస్తున్న డేగ. "డకు గుడిస్తే డి." నవ్వు ఆగింది. "కుడి. మీరంతా నాన్నని పిలిచే పేరు."

చాలనుకుని అతను పుస్తకం మూయబోయాడు. ఆమె వేలు అడ్డం పెట్టింది. తర్వాతి మూడు అధ్యాయాలు తనే తిప్పింది. తలపాగా పాము. తలపాగా డేగ. తలపాగా వానరం.

"ప," అంది. "డ." చివరి అక్షరం పుస్తకం మూసేసి చెప్పింది. "వ."

వంటింట్లో వదిన గిన్నెలు సర్దుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"అప్పటికే నాకు గుణింతాలన్నీ వచ్చు బాబాయ్."

ఎడమ చల్లారిన టీ ఎత్తి గటగటా తాగేశాడు. బాకీ తీరింది. విషాన్ని కనిపెట్టాల్సిన ఉంగరం మాత్రం అప్పుడూ తెల్లగానే ఉంది.