బోరింగు మలుపులో రేడియేటర్ మూత

రాత్రి తొమ్మిదీ నలభైకి కరుణాకర్ కారు పక్కకు తీసి ఇంజను ఆపాడు. ఇంకెక్కడైనా అయితే అది చెప్పుకోవాల్సిన సంగతి కాదు. జైనూర్ నుంచి ఉట్నూరు వచ్చే అడవి దారిలో బోరింగు మలుపు దగ్గర మాత్రం చీకటి పడ్డాక ఎవరూ బండి ఆపరు.

ఎప్పుడో ఒక లారీ అక్కడ వేడెక్కి ఆగిందట. డ్రైవరు దిగి, రేడియేటర్‌కు నీళ్ల కోసం అక్కడి బోరింగు చేతిపంపు కొడుతుంటే, వెనక నుంచి లారీ వాలులో మెల్లగా దొర్లుకుంటూ వచ్చి... ఆ తర్వాత బోరు ఎండిపోయింది. లోపలి గొట్టాలు పీక్కుపోయారు. పైన ఇనుప తలకాయ, పిడి మాత్రం మిగిలాయి. అయినా కొన్ని రాత్రులు పంపు చప్పుడవుతుందని, నీళ్లు రాక వాడింకా కొడుతూనే ఉన్నాడని డ్రైవర్లు చెప్పుకుంటారు.

గంట కిందటే జైనూర్‌లో చాయ్ హోటల్ లక్ష్మణ్ నవ్వుతూ చెప్పాడు.

"అన్నా, గా మలుపు కాడ ఆగకు. నీతోని గూడ బోరింగు కొట్టిపిస్తడు."

"కొట్టిపియ్యనీ తియ్. నాకు జర తోడన్న అయితడు."

హోటల్లో అందరూ నవ్వారు. కరుణాకర్ నవ్వలేదు. భార్య నర్మద పోయి నాలుగేళ్లు. ఉట్నూరులో తన మెకానిక్ షెడ్డు వెనక గదిలో ఒక్కడే ఉంటాడు. రెండు నెలలుగా అతను మాట్లాడింది ఎక్కువగా ఈ ఇంజనుతోనే. తుక్కుకు పోవాల్సిన కారు అది. ఇంజను దించి, రింగులు మార్చి, పైన కూర్చునే హెడ్డును నిర్మల్‌లో చదును చేయించి, ప్రతి బోల్టూ తన చేత్తో బిగించాడు. ఈ కారు నడిస్తేనే ఇక తన బతుకు. మళ్లీ ఒక్కసారి వేడెక్కిందా, హెడ్డు వంగిపోతుంది. అప్పుడు ఆ ఇంజను ఇక పనికిరాదు.

వేములవాడ నుంచి వచ్చిన ఒక కుటుంబాన్ని జైనూర్‌లో దించి తిరిగొస్తున్నాడు. అదే మొదటి కిరాయి. మలుపు ఎక్కుతుంటే ఇంజను వేడి చూపే ముల్లు ఎర్ర గీతకు ఆనింది.

టార్చి పళ్ల మధ్య పట్టుకుని బానెట్ ఎత్తాడు. కూలెంట్ తియ్యటి వాసన గుప్పుమంది. రేడియేటర్ కింది పైపు దగ్గర ఆకుపచ్చ చుక్కలు... ఒకటి... ఇంకొకటి. పైపు కొత్తదే. దాన్ని పట్టి ఉంచే క్లిప్పు పాతది. గట్టిగానే ఉంది కదా అని దాన్నే బిగించాడు. రెండు నెలల పనిలో అతను చేసిన తప్పు అదొక్కటే.

సంచిలోంచి సైకిల్ ట్యూబు ముక్క తీశాడు. పైపు చుట్టూ సాగదీసి చుట్టి, పైన ఇనుప తీగతో మెలిపెట్టాడు. వేళ్లు కాలాయి. నిమిషం పాటు చూశాడు. చుక్క పడలేదు.

ఇక నీళ్లు పోయాలి. కానీ వేడి మీద మూత తీస్తే మరిగే నీళ్లు మొహాన కొడతాయి. కాచుకున్నాడు. ఫోన్‌లో సిగ్నల్ లేదు. ఉన్నా, ఈ వేళప్పుడు లేపదగ్గ మనిషి పేరు అందులో లేదు.

పదీ పదిహేనుకు గుడ్డ వేసి మూత తిప్పాడు. తీసి పక్కనే ఉన్న కల్వర్టు గోడ మీద పెట్టాడు. తాగే నీళ్ల సీసా మొత్తం పోశాడు. ఎక్కడికి పోయాయో తెలియలేదు. ఇంకో మూడు లీటర్లయినా కావాలి.

అప్పుడు వినిపించింది.

కిర్ర్ర్... టక్.

కరుణాకర్ ఖాళీ సీసా కింద పెట్టాడు.

కిర్ర్ర్... టక్. కిర్ర్ర్... టక్.

తొందర లేకుండా, ఒకే పట్టున, పంపు కొడుతున్న చప్పుడు. టార్చి అటు తిప్పుదామంటే చెయ్యి రాలేదు. ఎంతసేపో... ఉన్నట్టుండి ఆగింది. ఆ వెంటనే అదే వైపు ఎండాకులు నలిగాయి. చీకట్లోంచి తెల్లగా, మనిషి కంటే పొడుగ్గా, ఏదో వస్తోంది. మొహం లేదు.

"ఆగు కొడుకా..." గాలిలో కలిసిపోయే గొంతు. "పోకు... ఆగు..."

బానెట్ దడాలున పడింది. కారు ఎలా కదిలిందో అతనికి గుర్తు లేదు. అద్దంలో చూస్తే ఆ తెలుపు నడి రోడ్డు మీద, ఒక చెయ్యి పైకెత్తి నిలబడి ఉంది.

నాలుగో కిలోమీటర్ దగ్గర బానెట్ సందుల్లోంచి ఆవిరి లేచింది. తర్వాత ఇంజనులో టకటక. తర్వాత ఒక్క కుదుపు... అంతే. దిగి చూస్తే సైకిల్ ట్యూబు కట్టు చెక్కుచెదరలేదు. రేడియేటర్ మీద మూత లేదు.

తెల్లారాక ఒక ట్రాక్టరు కారును షెడ్డుకు లాగింది. విప్పి చూశాడు. హెడ్డు వంగింది. పిస్టన్లు సిలిండర్లకు కరుచుకుపోయాయి.

అయిదో రోజు జైనూర్ బస్సు షెడ్డు ముందు ఆగింది. కండక్టర్ వినోద దిగి, గుడ్డలో చుట్టిన మూత అతని చేతిలో పెట్టింది.

"కరుణాకరన్నా, గిది నీదేనా?"

"ఎక్కడిది?"

"మలుపు కింద పత్తి చేన్ల బుచ్చవ్వ ఉంటది. ముసలిది, ఒక్కతే కావలి. గా రాత్రి నీ లైటు చూసి, గుడిసెలోనుంచి బిందెడు నీళ్లు నెత్తిన పెట్టుకొని వచ్చిందట. ఆగుమంటె ఆగకపోతివట. మూత లేకుంట బండి ఎట్ల పోయిందో అని ఒకటే పరేషాన్. దినాం బస్సు ఆపి అడుగుతుంది." వినోద నవ్వింది. "సలికి తెల్ల తువ్వాల కప్పుకుంటది. గది చూసి జడుసుకున్నవా, గింత మనిషివి?"

కరుణాకర్ మూతను అరచేతిలో తిప్పి చూశాడు. ఆమె నీళ్లు అంది ఉంటే ఇంజను బతికేది.

"జర ముందొస్తె అయిపోతుండె గద, వినోదా."

"ముందే వస్తుండెనట అన్నా. బోరింగు చప్పుడైతుంటె భయమై చెట్టు చాటుకు నిలవడ్డదట. గది ఆగినంకనే కదిలిందట." డ్రైవరు హారన్ కొట్టాడు. వినోద బస్సెక్కుతూ వెనక్కి తిరిగింది. "నీళ్లు రాని బోరింగు గంతసేపు ఎందుకు కొట్టినవన్నా?"