సోమవారం గొంతు

చీకటి పడ్డాక బోయిగూడలో ఆ సందు చివరి ఇంటి ముందు నుంచి ఎవరూ నడవడం లేదని విన్నప్పుడు నాకు లోలోపల కాస్త గర్వంగానే అనిపించింది. ఇల్లు నాది మరి. ముప్పై ఏళ్ళు అందులో ఉన్నాను, ఒక్కడంటే ఒక్కడు నాకు భయపడలేదు. ఉన్నన్నాళ్ళూ రాని గౌరవం తాళం వేశాక వచ్చింది. దీన్ని గర్వం అనకండి, ఇంటి మీద మమకారం అనండి.

ఈ సంగతి నాకు చెప్పింది ఇస్త్రీ సోమయ్య. ఆదివారం ఆరాధన అయ్యాక సందు మొదట్లో అతని బండి దగ్గర ఆగాను. అతను ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించాడు.

"సార్, ఒక మాట చెప్త. మనసుల పెట్టుకోవద్దు."

"చెప్పు సోమయ్యా."

"మీ ఇంట్ల... మేడమ్ ఉన్నది."

మేడమ్ అంటే నా భార్య హదస్సా. పోయి అప్పటికి పదకొండు నెలలు.

అతను చెప్పింది చెప్పినట్టే చెబుతాను.

రాత్రి ఎనిమిదిన్నర. సోమయ్య భుజం మీద పదకొండు చొక్కాల మూట. మా గేటు దాకా వచ్చాడు... ఆగాడు. లోపల దీపం లేదు. కిటికీలన్నీ మూసి ఉన్నాయి. ఆ చీకట్లోంచి ఒక గొంతు — సన్నటి ఆడగొంతు — కిందనుంచి మొదలై పైకి పాకింది. పైన నిలవలేక వణికింది. మళ్ళీ జారింది...

దాని వెనకాల ఇంకో గొంతు. మరీ సన్నం. ఊరుకో... ఊరుకో... అన్నట్టు.

"మాటల్లేవు సార్. ఉత్త ఏడుపు. శుక్రారం ప్రార్థనల మేడమ్ పాడుతుండె గద, గా గొంతే. నేనెట్ల మర్చిపోత?"

"తర్వాత?"

"తర్వాతేముంది, షర్టులన్నీ మోరీల పడ్డయి. మళ్ళ నేనే పిండిన."

"ఏ రోజు ఇది?" తెలియకుండానే నా గొంతు కూడా గుసగుసలోకి దిగింది.

"మంగళారం. గురువారం సుత. శనివారం సుత."

నా మెడ మీద చెమట అక్కడికక్కడే ఆరిపోయింది. ఆ దెయ్యం నేనే.

హదస్సా పోయిన రోజు నేను ఏడవలేదు. మర్నాడూ ఏడవలేదు. "దేవానందం గారు గట్టి మనిషి" అన్నారు సంఘంలో. గట్టితనం కాదది. షుగర్ వల్ల నా ఎడమచేతి వేళ్ళు ఎలా మొద్దుబారాయో, లోపల కూడా ఏదో అలాగే మొద్దుబారింది. గుచ్చినా తెలియదు. ఇక వచ్చే నెల వర్ధంతి కూడిక. అందరూ లేచి ఆమెను తలుచుకుంటారు, కళ్ళు తుడుచుకుంటారు. నేను మాత్రం నా కుర్చీతో పాటు ఇంకో కుర్చీలా కూర్చుంటాను. అదొక్కటే నాకు భయం. ఆమె పాడే కీర్తన ఒక్కటి నా చేతుల్లోంచి వస్తే చాలు, ఏదో ఒకటి బయటికొచ్చినట్టుంటుంది అనుకున్నాను.

మూడు నెలల కిందట, స్టేషన్ దగ్గర వాయిద్యాల కొట్టు ఓంప్రకాశ్ నా వేళ్ళు పట్టి చూసి, మామూలు గిటార్‌ని వెంటనే గోడకు తగిలించేశాడు.

"దీనికి తీగ నొక్కాలె అంకుల్. మీకు తెల్వకుండనే వేలు కోసుకపోతది."

మూలనుంచి ఒక పొడుగాటి చెక్కలాంటిది తెచ్చి నా ఒళ్ళో పడుకోబెట్టాడు. లాప్ స్టీల్ అట. మా చిన్నప్పుడు హవాయన్ గిటార్ అనేవాళ్ళు. నున్నటి ఇనుప కడ్డీ ఒకటి ఎడమచేత్తో పట్టుకుని తీగల మీద జరపాలి, కుడిచేత్తో మీటాలి.

"నొక్కుడు లేదు అంకుల్, జారుడే."

నేను పక్కనున్న ఎనిమిది తీగల దాన్ని చూపించాను. తళతళలాడుతోంది.

"షురూల అది వద్దు, పరేషాన్ అయితరు. ఆరు చాలు. మెరుపు చూడకండి, బరువు చూడండి. ఒళ్ళ కదలకుండ కూసోవాలె." ఒక చిన్న స్పీకర్ కూడా తగిలించి, నేర్పే ఆయన నంబర్ ఇస్తానన్నాడు.

వద్దన్నాను. నేనేదైనా సొంతంగా నేర్చుకునే మనిషిని. వంట కూడా అలాగే నేర్చుకున్నాను. హదస్సా అది తినకుండా ముప్పై ఏళ్ళు జాగ్రత్తపడింది.

ఆమె పోయాక నేనుంటున్నది అల్వాల్‌లో, మా అమ్మాయి క్యారల్ ఫ్లాట్‌లో. అక్కడ గోడలు పలచన. పైగా "ఏంటి డాడీ ఇది?" అని అడిగితే ఏం చెప్పను? అందుకని వారానికి మూడు సాయంత్రాలు బైబిల్ స్టడీ అని చెప్పి బోయిగూడ వచ్చేవాణ్ణి. వెనక సందులోంచి వంటింటి తలుపు తీసుకుని, ఎవరూ పలకరించకుండా లైటు వెయ్యకుండా, చిన్న టార్చి వెలుగులో సాధన.

కడ్డీ సరిగ్గా తీగల కిందున్న గీత మీద నిలబడితే స్వరం పలుకుతుంది. వెంట్రుకవాసి తప్పితే ఏడుస్తుంది. నాకది మూడు నెలల్లో ఒక్కసారీ నిలబడలేదు. కడ్డీ వెనకున్న తీగలను మిగతా వేళ్ళతో అణిచిపెట్టాలట. తగిలాయో లేదో నా వేళ్ళకు తెలియదు కాబట్టి అవీ వాటి పాటికవి పలికేవి. సోమయ్య విన్న రెండో గొంతు అదన్నమాట.

నిజం చెప్పేద్దామని నోరు తెరిచాను. అంతలో అతనే —

"సోమవారందే అసలు ఏడుపు సార్."

"...సోమవారమా?"

"మిగతా దినాలది ఉత్తగ గీరినట్టుంటది. సోమవారం వింటే గుండె పిండినట్టయితది."

సోమవారాలు నేను రాను. అల్వాల్ దాటను. గిటార్ మాత్రం అక్కడే ఉంటుంది... మధ్య గదిలో, హదస్సా మంచం కింద.

మర్నాడే సోమవారం.

ఎనిమిదింపావుకు సందులోకి తిరిగాను. వెనకనుంచి కాదు, ముందునుంచే. సోమయ్య బండి మీద గుడ్డ కప్పి ఉంది. కుక్కలు కూడా లేవు.

గేటు దగ్గర ఆగాను.

ఏమీ లేదు...

అప్పుడు వినబడింది. సన్నగా. ఆగి, ఊపిరి తీసుకుని, మళ్ళీ.

ఒప్పుకోవాలి — నాకన్నా శ్రుతిలో ఉంది.

భయం రావలసిన చోట భయం రాలేదు. వేలికి సూది గుచ్చితే ఎలా ఉంటుందో అలాగే, అంటే ఏమీ లేకుండా, నిలబడ్డాను. హదస్సానే అయితే మంచిదే, ఇడ్లీ ప్లేట్లు ఎక్కడ పెట్టావో అడుగుదాం అనుకున్నాను. తాళం చెయ్యి తీశాను. తాళం లేదు. తలుపు తోస్తే తెరుచుకుంది.

ముందు గది... మధ్య గది... మంచం... వంటింటి గడప.

నేల మీద, గోడకు ఆనుకుని, తెల్లచీర కప్పుకున్న ఆకారం. హదస్సా చీరే. చర్చికి కట్టేది.

ఆకారం తల ఎత్తింది.

"డాడీ?"

క్యారల్.

ఇద్దరం కాసేపు ఒకళ్ళనొకళ్ళం దొంగల్లా చూసుకున్నాం.

"క్వైర్ ప్రాక్టీస్ అన్నావు?"

"నువ్వు బైబిల్ స్టడీ అన్నావు."

ఆ మూడు నెలలు మా ఇంట్లో దేవుడికి కూడా తెలియనంత భక్తి నడిచింది.

"నీ గిటార్ ఎప్పుడో చూశా డాడీ. చెప్తావేమో అని ఆగా. నువ్వు మంగళ, గురు, శని వస్తున్నావని సోమవారం పెట్టుకున్నా."

"ఏడవడానికి ఇంత దూరం రావాలా అమ్మా? ఇంట్లో..."

"ఇంట్లో నువ్వుంటావు కదా." చీర చెంగుతో ముక్కు తుడుచుకుంది. "నువ్వంత గట్టిగా కూర్చుంటావు. నేనేడిస్తే నువ్వు పడిపోతావేమో అని భయం. అమ్మ పోయినప్పట్నుంచీ ఫ్లాట్‌లో నేనొక్కసారి కూడా ఏడవలేదు తెలుసా?"

నేను గోడ పట్టుకుని మెల్లిగా నేల మీద కూర్చున్నాను.

"గట్టిగా లేనమ్మా," అన్నాను. "నాకు తెలియట్లేదంతే. మొద్దుబారిపోయాను."

క్యారల్ ఈసారి గొంతు దాచుకోకుండా ఏడ్చింది. సందు దాకా వినబడే ఉంటుంది. వినబడనీ.

వర్ధంతి కూడికలో ఆ కీర్తన వాయించాను. పల్లవి చాలావరకు పల్లవిలాగే వచ్చింది. క్యారల్ నా పక్కన నిలబడి గొంతు కలిపింది. రెండో చరణంలో ఆ గొంతు ఆగిపోయింది. అందరి ముందూ, నా పక్కనే కూలబడి, భుజాలు అదిరేలా ఏడ్చింది. నేను వాయించడం ఆపేశాను. ఒళ్ళో గిటార్, ఒక చేతిలో కడ్డీ, ఇంకో చేయి గాల్లో.

పక్కన మనిషి ఏడుస్తుంటే ఆ చెయ్యి ఎక్కడ పెట్టాలో నేనింకా నేర్చుకోలేదు.