బీరువాలో చెప్పిన మాట

పొద్దున్నే ఉప్పునీళ్లు పుక్కిలించి, బట్టల బీరువా తెరిచి, అందులో తలపెట్టి మాట్లాడటం ఆమెకు పదిహేనేళ్ల అలవాటు. వేలాడే బట్టల మధ్య గొంతు గోడలకు తగిలి తిరిగి రాదు. స్టూడియోలో ఎలా వినిపిస్తుందో అచ్చం అలాగే వినిపిస్తుంది. డబ్బింగ్ చెప్పేవాళ్లలో పదేళ్ల మగపిల్లల గొంతుకి ఆమెను మించినవాళ్లు లేరని పేరు. అత్తగారికి అదేం పట్టదు. "బీరువాతో ముచ్చట్లు అయ్యాయా అమ్మాయ్? ఇక మనుషులతో మాట్లాడతావా?" అని రోజుకో చురక వేస్తుంది.

ఇప్పుడు చెబుతున్నది ఒక జపాన్ కార్టూన్ సీరియల్, యానిమే అంటారు. ఇంట్లో జొరబడ్డ దొంగ తండ్రిని చంపుతుంటే చూసిన పిల్లవాడి కథ. ఆ దొంగ కూతురే తర్వాత వాడికి ప్రాణస్నేహితురాలవుతుంది. రెండేళ్ల క్రితం ఆమె భర్త కూడా అలాగే, ఇంట్లోకి వచ్చిన దొంగ చేతిలో పోయాడు. అందుకే ఆ కథేమిటో ఇంట్లో చెప్పలేదు. బొమ్మల సీరియల్ అని ఊరుకుంది.

నిన్న ఒక్క మాట దగ్గర పదిహేడు టేకులయ్యాయి. "మీ ఏడుపు బాగుందండీ, పిల్లాడే కనిపించట్లేదు," అన్నాడు డైరెక్టర్. ఇవాళ కూడా రాకపోతే ఇంకొకరి చేత చెప్పిస్తాడు.

కాలింగ్ బెల్ మోగింది. పద్నాలుగేళ్ల కూతురు చిట్టి బాత్‌రూమ్‌లోకి వెళ్లి గడియ పెట్టుకుంది. తండ్రి పోయినప్పటి నుంచి బెల్ మోగితే అంతే. నాయనమ్మ వెళ్లి నీళ్ల క్యాన్ లోపల పెట్టించింది.

ఆమె మళ్లీ బీరువాలో తల దూర్చింది.

"తలుపు తీసింది నేనే. నాన్న చచ్చిపోయింది నా వల్లే. ఎవరికీ చెప్పలేదు."

మూడోసారి అనేసరికి వెనక ఏదో దబ్బున పడింది. చిట్టి చేతిలోని టిఫిన్ డబ్బా.

"నీకెవరు చెప్పారు?"

"ఏంటి చెప్పేది?"

"నేనే తలుపు తీశానని. తెలిసి కూడా ఇన్నాళ్లూ ఊరుకున్నావా? నన్ను అడక్కుండా, బీరువాకి చెప్పుకుంటున్నావా?"

ఇది డైలాగే పిచ్చిదానా అనబోయి ఆమె ఆగిపోయింది. ఆ ముక్క అంటే పిల్ల నోరు మళ్లీ మూతపడుతుంది. చేతిలోని డైలాగుల కాగితం వెనక్కి దాచుకుంది.

"నాన్నే తీశాడని కదా పోలీసులకి చెప్పావు?"

"అబద్ధం చెప్పాను. నాన్న స్నానం చేస్తున్నాడు. పార్సెల్ వచ్చిందేమో చూడు తల్లీ అన్నాడు. ఎవరని అడక్కుండా తీసేశాను."

పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది. కళ్లలో తడి లేదు. తల్లి మంచం మీద కూర్చుంది.

"పార్సెల్ వస్తుందని ఫోన్ చేసింది నేను చిట్టీ. నా హెడ్‌ఫోన్ల కోసం. నేనా ఫోన్ చెయ్యకపోతే..."

"చాల్లే, ఊరుకోండి." గుమ్మంలో అత్తగారు. "ఆ తలుపుకి గొలుసుండేది. చెయ్యి గీసుకుపోతోందని పోరుపెట్టి ఊడదీయించింది నేను. నా కొడుకుని నేనే..." ముసలావిడ పట్టుదలగా మళ్లీ అందుకుంది. "తప్పు నాదంటే నాదని ముగ్గురం కొట్టుకు చస్తున్నాం. కత్తి పట్టుకొచ్చినవాడికి కాస్తయినా మిగల్చరా?"

చిట్టి నవ్వబోయింది. అది ఏడుపయింది. తండ్రి పోయిన రోజు కూడా ఏడవని పిల్ల నాయనమ్మ ఒళ్లో ముఖం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. ఆ ఇద్దరినీ పట్టుకుని ఆమె కూడా ఏడ్చింది. గొంతు పాడవుతుందన్న భయం ఆ పూట లేదు.

కాసేపటికి కూతురికి కాగితం చూపించింది. చిట్టి రెండుసార్లు చదివింది.

"ఇది కథా?"

"కథే. నీకు చెప్పాల్సింది. తప్పు నాదే."

"మళ్లీ మొదలుపెట్టింది," అంది అత్తగారు కళ్లు తుడుచుకుంటూ.

చిట్టి ఇంకా కాగితమే చూస్తోంది. "నువ్వు చెప్పేది బాలేదమ్మా. వాడు ఏడవడు. ఏడిస్తే అందరూ దగ్గరికి తీసుకుంటారు. అది తనకి తగదనుకుంటాడు. తాళంచెవి ఎక్కడుందో చెప్పినట్టు చెప్తాడంతే."

ఆ రోజు చిట్టి బడికి వెళ్లలేదు. స్టూడియోలో అద్దం ఇవతల, డైరెక్టర్ పక్కన స్టూలు మీద కూర్చుంది. అద్దం అవతల మైకు ముందు తల్లి. తెర మీద పిల్లవాడు నోరు తెరిచాడు. తాళంచెవి ఎక్కడుందో చెప్పినట్టు చెప్పిందామె.

డైరెక్టర్ ఆ టేకు మళ్లీ పెట్టించుకుని విన్నాడు. తర్వాత మైకులో, "ఇదే కావాల్సిందండీ. సేఫ్టీకి ఇంకొక్క టేకు చెప్పండి," అన్నాడు.

పదిహేనేళ్లలో ఇంకో టేకు అడిగితే ఆమె కాదన్నది లేదు.

"చెప్పనండీ," అంది. "ఆ మాట మా ఇంట్లో అయిపోయింది."

ఆయనకు అర్థం కాలేదు. చిట్టి స్టూలు దిగింది. శబ్దం లోపలికి రాకుండా బిగించిన ఆ బరువైన తలుపుని రెండు చేతులతో లాగి తెరిచి, అమ్మ బయటికి వచ్చేదాకా పట్టుకుని నిలబడింది.