గండభేరుండం గీసిన మంచు పటం

లవణపురిని ఏలే తుష్టవర్మకు తిండి తప్ప వేరే యోచన లేదు. ఉత్తరాన సముద్రమే గడ్డకట్టి ఉంటుందని ఎవరో చెప్పగా, ఆ మంచు తన పానకంలో పడాల్సిందేనని ఓడ ఎక్కాడు. ఉప్పు లేని మంచు ఏరి పెట్టడానికి ఉప్పు మడుల కోనప్పను వెంట ఈడ్చుకుపోయాడు. అక్కడి హిమాసురుడు ఊరుకుంటాడా? ఓడను మంచు పిడికిట్లో బిగించాడు. పున్నమికి అది వక్కలా చితుకుతుందని కబురు వచ్చింది. రాజును తెచ్చినవారిదే సింహాసనమని రాణి చాటింపు వేయించింది. మంత్రులందరికీ ఒకేసారి కీళ్లనొప్పులు పట్టుకున్నాయి.

కోనప్ప కూతురు చెంగల్వకు సింహాసనం గొడవ పట్టలేదు. ఆ ఓడలో ఉన్నది ఆమె నాన్న. ఉప్పుమూట భుజాన వేసుకుని బయలుదేరింది. గద్దె చేజారుతుందన్న దిగులుతో యువరాజు రణధీరుడూ ఆమె వెంట కదిలాడు. ధీరత్వం పేరులోనే ఉంది.

అడవులు దాటి మంచు సముద్రం చేరేసరికి అక్కడ నెలల తరబడి తెల్లవారని చీకటి, ఆపైన మబ్బు. ఏది గట్టి మంచో, ఏది పలుచని పొరో కంటికి తెలియదు. కొండకొమ్మున రెండు తలల గండభేరుండం కూర్చుని ఉంది. పగలే కళ్లు కనబడని మనుషులు చీకట్లో ఏం చూస్తారని ఈసడించి, తన విద్య చెప్పింది. ఒక తల మనిషికి కనబడని కిరణం పంపుతుంది. మబ్బూ చీకటీ దానికి అడ్డు కావు. తిరిగొచ్చిన కిరణాన్ని రెండో తల పట్టుకుంటుంది. ఎంత తిరిగొస్తే తను గీసే పటంలో అంత తెలుపు. ఏళ్లనాటి ముదురు మంచు బాగా తిప్పికొడుతుంది, ఉప్పు పట్టిన లేత మంచు మింగేస్తుంది.

పక్షి ఎగిరి వచ్చి తోలు మీద పటం గీసింది. ఓడ దాకా రెండు తెల్లని దారులు.

"తెలుపంటే గట్టిదే కదా, ఇంకా ఆలోచన దేనికి?" అంటూ యువరాజు దగ్గరి దారి పట్టి, బుడుంగున మునిగాడు. అది మంచు కాదు, గాలికి రేగిన నీరు. అలలు కూడా కిరణాన్ని తిప్పికొడతాయి మరి. చెంగల్వ అతని జుట్టు పట్టి బయటికి లాగింది.

"ముందే చెప్పొచ్చు కదా, పక్షిరాజా?"

"ఆయన అడిగితే కదే, పిల్లా."

చెంగల్వకు నాన్న మాట గుర్తొచ్చింది. ఉప్పు కుప్ప పాతబడితే చేదునీరు కారిపోయి లోపల గుల్లబారుతుంది. ముదురు మంచూ అంతే అయ్యుంటుంది, లోపలంతా గాలి బుడగలు.

"కిరణాన్ని నిలువుగా ఊగేలా పంపి, రెండో తల పక్కకు వాల్చి అడ్డంగా ఊగుతూ వచ్చేదే పట్టు. అల పైపైనే తిప్పికొడుతుంది, కిరణం నిలువుగానే ఊగుతూ వస్తుంది. బుడగల్లో పడి దొర్లినదే అడ్డం తిరుగుతుంది."

మెడ పట్టేస్తుందని గొణుగుతూనే పక్షి ఎగిరింది. ఈసారి పటంలో ఒక దారి మాయమైంది, రెండోది తెల్లగా నిలిచింది. చెంగల్వ ఆ దారిన ఒక ముక్క విరిచి నోట్లో వేసుకుంది. చప్పగా ఉంది. ధైర్యంగా నడిచింది.

ఓడ పలకలు అప్పటికే చిటపటలాడుతున్నాయి. పిడికెడు ఉప్పుతో తననేం చేస్తావని హిమాసురుడు నవ్వాడు. నవ్వుతుండగానే చెంగల్వ అతని వేళ్ల సందుల్లో మూట కుమ్మరించింది. వేళ్లు కరిగాయి, పిడికిలి వీడింది. కోనప్ప కూతుర్ని హత్తుకుంటుంటే, రాజు వెనక నుంచి తొంగిచూసి అడిగాడు: "మంచు ఏరావా, కోనప్పా?"

రాణి మాట తప్పలేదు. చెంగల్వ గద్దెనెక్కి లవణపురిని చల్లగా ఏలింది. పనిలేని తండ్రీకొడుకులను ఉప్పు మడులకు పంపింది. ఎండ మండుతున్న వేళ తుష్టవర్మ పానకం అడిగితే, కోనప్ప చేతికి పార ఇచ్చాడు.

"ముందు కుప్ప ఎత్తండి, దొరా."