చిప్పలరేవులో నురగ

"చెయ్యి పెట్టి చూడండి, భయం లేదు," అంది డాక్టర్ లాస్య.

నూకరత్నం గాజు తొట్టిలో వేళ్ళు ముంచింది. నీళ్ళు ముందుకు నెట్టి, క్షణం ఆగి, గాజుకి తగిలి చిన్న చప్పుడు చేస్తూ వెనక్కి లాగాయి. ఆవిడ చాలాసేపు చెయ్యి తియ్యలేదు. గట్టు లేచినప్పటి నుంచి చిప్పలరేవులో ఎవరి చేతికీ అల తగల్లేదు.

సముద్రంలో ఆక్సిజన్ అయిపోయి, చేపలన్నీ తేలిపోయి, నీటిలోంచి లేచే విషపు గాలి పీలిస్తేనే జనం పడిపోవడం మొదలయ్యాక, ఊరికీ నీటికీ మధ్య కాంక్రీటు గట్టు కట్టారు. వలలు అటకెక్కాయి. తప్పెవరిదో తేల్చడానికి కూర్చున్న పెద్దమనుషులు ఒకరి మీద ఒకరు నెట్టుకుని చల్లగా జారుకున్నారు. ఇక బతికున్న సముద్రమంటే ఇదే. వీధి చివరి షెడ్డులో నాలుగు బిందెల నీళ్ళు, ఒక పగడపు రాయి, నారింజ రంగు చేపలు రెండు. ఆ జాతిలో మిగిలినవి ఆ రెండే.

లాస్య కనిపెట్టింది తొట్టిని కాదు, అందులోని అలని. చేపలు వదిలే మలినం చేపలకే విషం. రాతి కంతల్లో ఉండే బాక్టీరియా దాన్ని తినేస్తుంది. అయితే దానికీ ఆక్సిజన్ అందాలి, అంటే నీరు కదలాలి. మామూలు పంపు ఒకే వైపు తోస్తుంది, మూలల్లో మురికి పేరుకుంటుంది. లాస్య పంపు నీటిని సముద్రంలాగే ముందుకీ వెనక్కీ ఊపుతుంది. పక్కనే ఒక గొట్టంలో గాలిబుడగలు లేస్తాయి. నీటిలోని జిడ్డు వాటికి అంటుకుని పైకొచ్చి, నురగై కప్పులో పడుతుంది. ఈ రెండూ కలిసిన ఆ ఫిల్టర్ ఉంటే అక్వేరియం ముఖమే చూడనివాళ్ళు కూడా సముద్రపు చేపల్ని పెంచేయగలరని ఆవిడ ధీమా.

"ఇది బొమ్మ కాదు నూకరత్నమ్మ గారూ. సముద్రమే. కాకపోతే చిన్నది. మేత తప్ప ఇంకేమీ వెయ్యకండి."

నూకరత్నం తనకప్పగించిన ఆ చేపల్ని కళ్ళలో పెట్టుకుని చూసుకుంది. అవి రాతి మీద గుడ్లు పెట్టిన రోజున, ఇది నిజంగా సముద్రమేనంటూ వీధంతా తిరిగి చెప్పింది. ఆ గుడ్లలోంచి వచ్చే పిల్లలు బతికితే ఇంటికో తొట్టి ఇవ్వొచ్చని లాస్య అనుమతి కోసం రాజధానికి బయల్దేరింది.

ఆవిడ లేనప్పుడే చేపల వేట మొదలయ్యే రోజు వచ్చింది. పూర్వం ఆ రోజున పడవ కదిలే ముందు గంగమ్మకని సముద్రంలో పాలూ పసుపూ పోసేవాళ్ళు. గట్టు కట్టాక అదీ పోయింది. ఈసారి ఆడవాళ్ళంతా తలస్నానాలు చేసి, చెంబులతో షెడ్డు ముందు నిలబడ్డారు.

"మేత తప్ప ఏటీ ఎయ్యొద్దన్నారే డాక్టరమ్మ," అంది నూకరత్నం గుమ్మానికి అడ్డంగా నిలబడి.

"తల్లికి పాలు పోత్తే మేతేసినట్టా వదినా?" అంది పక్కింటి ఎర్రమ్మ. "ఇది సముద్రమేనని నువ్వే సెప్పినావు గదా!"

నూకరత్నం పక్కకి జరిగింది.

మొదటి చెంబు పడింది. గొట్టంలో నురగ పొంగింది. కప్పు నిండి, అంచులు దాటి, తెల్లగా తొట్టి మీదంతా పరుచుకుంది. ఎన్నేళ్ళయింది వాళ్ళు సముద్రపు నురగ చూసి! "తల్లి పుచ్చుకుంది!" అంటూ అందరూ ఏడ్చేశారు. నూకరత్నం అందరికంటే ఎక్కువ ఏడ్చింది. ఆ సంతోషంలో మిగిలిన చెంబులన్నీ ఒంచేశారు.

మర్నాడు లాస్య వచ్చేసరికి నీరు అద్దంలా ఉంది. ఫిల్టర్ తన పని తాను శుభ్రంగా చేసింది. చేపలు రెండూ వెల్లకిలా తేలుతూ, పంపు ఊపుకి ముందుకీ వెనక్కీ పోతున్నాయి. రాతి మీద గుడ్లు తెల్లబడిపోయాయి. కానీ నురగతో పాలన్నీ బయటికి పోయేలోపే, వాటి మీద పడ్డ బాక్టీరియా ఒక్కసారిగా పెరిగి, ఆక్సిజన్ అంతా తాగేసింది. పెద్ద సముద్రం అన్ని తరాల పాలనీ మింగి ఊరుకుంది. నాలుగు బిందెల సముద్రం ఎలా తట్టుకుంటుంది?

లాస్యకి కోపం రాలేదు. వస్తే బాగుండేది. సముద్రమని చెప్పింది తనే.

"గట్టవతల దాన్ని ఎవులు సంపేరో మాకు తెల్దమ్మా," అంది నూకరత్నం. "దీన్ని మాత్రం మావే సంపేసినాం."

లాస్య పంపు ఆపబోయింది.

"ఆపకండమ్మా!" అని ఆవిడ చెయ్యి పట్టుకుంది నూకరత్నం. వెనక వీధి వీధంతా నిలబడి ఉంది.

"ఇంటికోటి ఇత్తామన్నారు గదా, పరిమిషనొచ్చిందామ్మా?" అడిగింది ఎర్రమ్మ.

వచ్చిందన్నట్టు లాస్య తలూపింది.

"అయితే ఇప్పించండి. సేపలొద్దమ్మా. అల సప్పుడుంటే సాలు."